పర్లాకిమిడిలో మోకాలు

బదిలీ కాదు.
పెళ్ళి కాదు, ఆసుపత్రి కాదు, కోర్టు వాయిదా కాదు.
ఒంగోల్లో ఇల్లు అద్దెకిచ్చి, కారు అమ్మేసి
ఏడాదిపాటు ఊళ్ళు పట్టుకు తిరుగుదామని బయల్దేరిన మాకు
ఇది మూడో ఊరు.
"మరేటికొచ్చినారు?" అంది కుంతలమ్మ,
మేడ మీది రెండు గదుల తాళంచెవి
ఇంకా గుప్పిట్లోనే ఉంచుకుని.
"ఊరికే. ఉండడానికి."
ఊరికే అన్నది ఆమెకి తెలుగులోనూ అర్థం కాలేదు,
ఒడియాలోనూ కాలేదు.

మర్నాటికి వీధి వీధంతా తెలిసిపోయింది:
మేడ మీది బాబుకి మోకాలు బాగోదు,
నాటువైద్యానికొచ్చినారు, పాపం.
ఆమె మాట పోకూడదని
మా ఆయన పాలకెళ్ళేటప్పుడు కాస్త కుంటడం మొదలెట్టాడు.
కుడికాలు.
మర్చిపోయిన రోజు ఎడమకాలు.

ఇక మిగిలిందంతా రోజులే.
ఆరింటికి నీళ్ళొస్తాయి, ఆరూ ఇరవైకి పోతాయి.
ఆ ఇరవై నిమిషాలూ మేం యాత్రికులం కాదు,
నలుగురం నాలుగు బకెట్లం.
తొమ్మిదింటికి ఆయన లాప్‌టాప్ ముందు ఎవరివో లెక్కలు రాస్తాడు.
కరెంటు పోతే పిల్లలకి లెక్కలు చెబుతాడు.
అందుకే వాళ్ళకి కరెంటు మీద అంత భక్తి.
బజారులో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది.
చిల్లర మాత్రం ఏ భాషలోనూ ఉండదు.

మధ్యాహ్నం పఖాళ.
పేరు మార్చుకున్న చద్దన్నం అనుకున్నాను మొదట్లో.
కుంతలమ్మ మెట్లెక్కి వచ్చి మరీ
వేయించిన బడి అందులో నలిపి చూపించింది.
చద్దన్నం మిగిలిపోతుంది. పఖాళ నానబెడతారు.
ఆ తేడా నాలిక్కి తెలియడానికి నెల పట్టింది.

కౌస్తుభ్ కొమ్ముపని దుకాణంలో కూర్చుంటాడు.
గేదె కొమ్ము కాచి, వంచి, కొంగ మెడ చేసే బిందు మహారాణా
వాడికో గరుకు కాగితం ఇచ్చి వదిలేశాడు.
ఇంటికొచ్చేసరికి గోళ్ళ నిండా పొడి,
ఒంటి నిండా కాలిన వెంట్రుకల వాసన.
స్నానం చెయ్యరా అంటే "టికే రుహ" అంటాడు.

ఇందీవర రెండు లిపుల మధ్య చిక్కుకుంది.
"మన అక్షరాలకి తలకట్టుంటుంది కదమ్మా,
వీళ్ళవి గొడుగేసుకుంటాయి.
ఇక్కడ వాన ఎక్కువా?"
ఎక్కువే అన్నాను, తెలియకుండానే.

జూలైలో మహేంద్రతనయ ఎర్రగా పొంగింది.
తాడు మీద బట్టలు ఆరలేదు, క్యాలెండరు ఉబ్బింది,
నేనూ ఆయనా మూడ్రోజులు మాట్లాడుకోలేదు.
రెండు గదుల్లో మాట్లాడుకోకుండా ఉండడం ఎంత పనో
ఊళ్ళు తిరిగొచ్చినవాళ్ళెవరూ చెప్పరు.
ఫోటోల్లో అది పడదు.
నాలుగోరోజు "ఉప్పెక్కడ?" అన్నాడు.
"ఉన్నచోటే" అన్నాను.
అంతే.

ఆగస్టులో ఇందీవర పన్నూడింది.
పేడలో చుట్టి కప్పు మీదికి విసరాలని మా అమ్మమ్మ లెక్క.
ఎలక కన్నంలో వెయ్యాలని కుంతలమ్మ లెక్క.
వెతికితే కన్నాలు మూడు దొరికాయి.
ఇల్లు ఆమెది కాబట్టి ఎవరం నవ్వలేదు.
చివరికి కప్పే గెలిచింది,
వెనక వంటింటి పెంకుల మీద తప్పుమని ఒక చప్పుడు.
ఆ ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు,
రేషన్‌కార్డు లేదు, ఓటు లేదు.
అక్కడ మేం కట్టిన పన్ను
అదొక్కటే.

వెళ్ళే రోజు
రెండు చేతులా రెండు పెట్టెలు మోస్తూ
ఆయన కుంటడం మర్చిపోయాడు.
పాలవాడు సైకిలాపి చూశాడు.
అరుగు మీది ముసలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు.
నాకు గుండె ఆగినంత పనైంది.
కుంతలమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని
కాసేపు ఆ కాళ్ళకేసే చూసి,
"మా ఊరి నీళ్ళు" అంది వీధికంతటికీ వినబడేలా.

తర్వాత నా చేతిలోంచి తాళంచెవి అందుకుంటూ,
చిన్నగా, నాకొక్కదానికే:
"మళ్ళా నొప్పెడితే వచ్చీండి."